హాలోవీన్‌కి పిల్లల్ని ప్రైవేట్ థియేటర్‌కి తీస్కెళ్తున్నారా, హాలు మాత్రం తీస్కోండి, ప్యాకేజీ వదిలేయండి

బెంగళూరులో మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఈ మధ్య వీధికొకటి లేచిన ప్రైవేట్ థియేటర్లు మీరూ చూసే ఉంటారు, ఏదో కాంప్లెక్స్‌లో మూడో ఫ్లోర్, లోపల పెద్ద స్క్రీన్, రిక్లైనర్ సోఫాలు, గోడకి హ్యాపీ బర్త్‌డే లైట్ బోర్డు, గంటల లెక్కన అద్దె. పోయిన అక్టోబర్ 31 సాయంత్రం మా అమ్మాయి, వాళ్ళ ఫ్రెండ్సు కలిపి పదిమంది పిల్లలకి అలాంటి ఒకదాన్లో హాలోవీన్ పార్టీ చేశాం, అందరూ పది నుంచి పన్నెండేళ్ళ లోపు వాళ్ళే. థియేటర్ పేరు రాయట్లేదు, ఎందుకంటే వేరే వాటికి వెళ్ళొచ్చిన ఫ్రెండ్స్‌ని అడిగినా దాదాపు ఇదే కథ చెప్పారు, కాబట్టి ఇది ఒక షాపు మీద కంప్లెయింట్ అనుకోకండి, ఈ టైపు సర్వీస్ ఎలా ఉంటుందో చెప్తున్నా అంతే.

ఇంట్లో ఎందుకు చెయ్యలేదంటే మాది టూ బీహెచ్‌కే, కింద ఫ్లాట్ వాళ్ళు కుర్చీ జరిపినా ఇంటర్‌కామ్ కొడతారు, పైగా అప్పుడు అత్తయ్యగారు ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు. "కార్తీకమాసంలో శుక్రవారం పూట దెయ్యాల పేరంటం ఏంటమ్మా, ఇంట్లో మాత్రం వద్దు" అన్నారు. ఆవిడ మాట కాదని గుమ్మానికి ప్లాస్టిక్ పుర్రె కట్టే ధైర్యం నాకు లేదు.

ముందు మంచి చెప్తా. హాలు చాలా బాగుంది. ఏసీ బాగా పనిచేసింది, స్క్రీన్ క్లియర్‌గా ఉంది, సోఫాలు కాస్త చిరిగినా శుభ్రంగానే ఉన్నాయి, బాత్రూమ్ అదే ఫ్లోర్‌లో ఉంది (పిల్లలతో వెళ్తే ఇది స్క్రీన్ కన్నా ముఖ్యం, భయం సినిమా మధ్యలో ఎవ్వరూ ఒంటరిగా వెళ్ళరు, నలుగురు నలుగురు గుంపుగా వెళ్తారు). పిల్లలు అరిచినా గెంతినా అడిగేవాడు లేడు. మామూలు మల్టీప్లెక్స్‌లో ఆపమంటే సినిమా ఆపరు కదా, ఇక్కడ రిమోట్ మన చేతిలోనే. ఆ ఒక్క సుఖానికే ఇచ్చిన అద్దె వసూలైపోయింది నన్నడిగితే.

ఇప్పుడు అసలు లెక్క. స్లాట్ మూడు గంటలు అంటారు గానీ ముందు బ్యాచ్ వాళ్ళు ఫోటోలు దిగడం అయ్యేసరికి లేటవుతుంది, తర్వాత ఊడ్చడం, మన లాగిన్ గోల, చివర్లో పావుగంట ముందే వచ్చి "మేడమ్, నెక్స్ట్ పార్టీ వెయిటింగ్" అంటారు. చేతికొచ్చేది రెండున్నర గంటలు అనుకోండి. అందులో తిండి, కేకు, డ్రెస్సుల పోటీ పోతే సినిమాకి గంటన్నరే మిగిలేది. అందుకే సినిమా ఎంచేటప్పుడు మొదట నిడివి చూడండి, భయం సంగతి తర్వాత.

లాగిన్ గురించి ఎవ్వరూ ముందు చెప్పరు. చాలా చోట్ల సినిమా వాళ్ళది కాదు, స్క్రీన్ వెనక నెట్ నుంచి సినిమాలు ఆడించే ఒక స్టిక్ ఉంటుంది, మన ఓటీటీ అకౌంట్ మనమే వేసుకోవాలి. పదిమంది పిల్లలు చూస్తుండగా రిమోట్‌తో పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం కొట్టకండి, స్క్రీన్ మీద వచ్చే కోడ్‌ని ఫోన్‌లో కొట్టి లాగిన్ అవ్వచ్చు. ఫోన్ స్క్రీన్‌ని అలాగే టీవీ మీద చూపిద్దాం అనుకుంటే చాలాసార్లు సౌండ్ వస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది, కాపీ చెయ్యకుండా పెట్టిన లాక్ అది, థియేటర్ వాళ్ళు చేసేదేం లేదు. వెళ్ళేటప్పుడు లాగౌట్ మర్చిపోకండి, లేకపోతే తర్వాత బ్యాచ్ వాళ్ళ లవ్ స్టోరీలన్నీ మీ హిస్టరీలో తేల్తాయి. ఏ సినిమా ఏ యాప్‌లో ఉందో ఇక్కడ రాయట్లేదు, నెలనెలా అటూ ఇటూ మారిపోతుంటాయి, ముందు రోజు వెతుక్కోండి.

సినిమా విషయంలోనే అసలు యుద్ధం అంతా. ఈ వయసు పిల్లలు చిన్నపిల్లల సినిమా పెడితే ఛీ అంటారు, పెద్దవాళ్ళది పెడితే ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుంటారు. వాళ్ళలో ఒకడు వచ్చీ రాగానే "ఆంటీ, కంజూరింగ్ పెట్టండి, మా అన్న చూశాడు" అన్నాడు. 2013లో వచ్చిన ఆ సినిమాలో రక్తం పెద్దగా లేకపోయినా అమెరికాలో దానికి ఆర్ రేటింగే ఇచ్చారు, అంటే 17 ఏళ్ళ లోపు వాళ్ళు పెద్దవాళ్ళు పక్కనుంటేనే చూడాలి, అన్న చూస్తే చూశాడు, ఇక్కడ మాత్రం కుదరదు అని చెప్పేశా. పక్కనున్న పిల్ల "వీడు చంద్రముఖికే దిండు వెనక దాక్కుంటాడు ఆంటీ" అని పరువు తీసేసింది.

రేటింగ్ చూసి పెట్టేవాళ్ళకి ఒక మాట. మన సెన్సార్ వాళ్ళు 2024 రూల్స్‌లో యూఏని మూడు ముక్కలు చేశారు, 7+, 13+, 16+ అని. మన పిల్లలకి మొదటిది చాలు, రెండోది మీరు ముందు చూసి నిర్ణయించుకోండి. అమెరికా సినిమాలకి పీజీ (తల్లిదండ్రులు చూసుకుని పెట్టాలి అని) ఉంటే నిశ్చింతగా పెట్టేయకండి, ఏ సంవత్సరం పీజీనో చూడండి, ఎందుకంటే పీజీ-13 అనే మెట్టు 1984 జూలైలో గానీ రాలేదు. గ్రెమ్లిన్స్, రెండో ఇండియానా జోన్స్ సినిమాలకి పీజీ ఇస్తే తల్లిదండ్రులు గోల చేశారు, అప్పుడు పుట్టింది అది. 1982లో వచ్చిన పోల్టర్‌గైస్ట్‌కి కూడా పీజీనే, అందులో ఒకాయన అద్దం ముందు నిలబడి తన మొహం తనే పీక్కునే సీన్ ఉంటుంది. నేను పెద్దయ్యాక చూసి కూడా అన్నం మానేశా.

మేం పెట్టింది మాన్‌స్టర్ హౌస్, 2006లో వచ్చింది, 91 నిమిషాలు. ఎదురింటి ముసలాయన ఇల్లే ఒక భూతం, వాకిట్లోకి వెళ్ళిన బంతుల్నీ బొమ్మల్నీ మింగేస్తుంటుంది, ముగ్గురు పిల్లలు దాని సంగతి తేల్చడానికి లోపలికి వెళ్తారు, కథంతా హాలోవీన్ సమయంలోనే నడుస్తుంది. పదేళ్ళ వాళ్ళకి ఇంతకన్నా సరిపోయేది నాకైతే దొరకలేదు. పిల్లలు తెలివిగా మాట్లాడతారు, పెద్దవాళ్ళు ఎవ్వరూ నమ్మరు, ఈ వయసులో వాళ్ళకి లోకం మొత్తం అలాగే కదా కనిపించేది. కార్టూనే కదా అని చులకనగా కూర్చున్నవాడు కూడా ఇల్లు నోరు తెరిచేసరికి కాళ్ళు సోఫా మీదకి లాక్కున్నాడు.

కోరలైన్ కూడా అనుకున్నాం, 2009ది, 100 నిమిషాలు, సినిమాగా దీనికన్నా గొప్పది. కానీ అందులో తల్లి రూపంలో ఉన్న ఒక ఆవిడ కళ్ళ చోట గుండీలుంటాయి, నీక్కూడా కుడతా అని సూదీ దారం చూపిస్తుంది. దెయ్యం అయితే పిల్లలు తట్టుకుంటారు, అమ్మే అమ్మ కాదంటే మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. ఇంట్లో మీ పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి, పదిమంది మధ్య వద్దు. గూస్‌బంప్స్ 2015ది 103 నిమిషాలు, నవ్వు పాలు ఎక్కువ, బాగా పిరికి పిల్లలున్న గుంపుకి అది బెటర్. టైమ్ మరీ తక్కువుంటే నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్, 76 నిమిషాల్లో అయిపోతుంది, అందరూ టిమ్ బర్టన్ తీశాడనుకుంటారు గానీ డైరెక్టర్ హెన్రీ సెలిక్, పైన చెప్పిన కోరలైన్ తీసింది కూడా ఆయనే. తెలుగులో అడిగితే 2017 ఆనందో బ్రహ్మ గుర్తొస్తుంది, మనుషుల్ని చూసి దెయ్యాలు భయపడే ఐడియాకి పిల్లలు పడీ పడీ నవ్వుతారు, కాకపోతే మన సినిమా నిడివి ఆ స్లాట్‌లో పట్టదు, తాగుబోతు జోకులు కూడా ఉంటాయి, అది ఇంటికి ఉంచుకోండి.

సౌండ్ గురించి తప్పకుండా చెప్పాలి. వాళ్ళు డెమో అని ఫుల్ వాల్యూమ్‌లో ఏదో కార్ల ఛేజ్ వేసి చూపిస్తారు, మనం ఆహా అంటాం, సినిమా కూడా అదే వాల్యూమ్‌లో మొదలవుతుంది. నిజంగా భయపడ్డ పిల్ల కళ్ళు మూసుకోదు, చెవులు మూసుకుంటుంది, ఆ రోజు సోఫాలో వరసగా చూశా నేను. బేస్ సగానికి తగ్గించమని అడిగి, పక్క గోడల లైట్లు పూర్తిగా ఆర్పకుండా సన్నగా ఉంచమన్నా, అప్పట్నుంచి అరుపులు ఏడుపు వైపు వెళ్ళకుండా సరదా వైపే ఉన్నాయి.

ఇంక వాళ్ళ హాలోవీన్ స్పెషల్ ప్యాకేజీ. హాలు అద్దె మీద దాదాపు సగం అదనంగా తీసుకున్నారు. ఇచ్చింది ఏంటంటే గోడకి నాలుగు కాగితం గబ్బిలాలు, సోఫాల మీద పీకి పెట్టిన దూది, అదే సాలెగూడంట, అది ఆడపిల్లల జడల్లో ఇరుక్కుని ఇంటికొచ్చాక కొబ్బరినూనె పెట్టి తీయాల్సొచ్చింది. కింద గులాబీ రేకులు అలాగే ఉన్నాయి, ముందు బ్యాచ్ ఎవరిదో ప్రపోజల్. నల్ల బెలూన్ల వెనక బ్రైడ్ టు బి అనే బంగారు అక్షరాల్లో సగం ఇంకా వేలాడుతున్నాయి.

ఫాగ్ ఎంట్రీ అని ఇంకోటి. కుండలో డ్రై ఐస్ వేసి వేడినీళ్ళు పోస్తారు, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ అది, మైనస్ 78 డిగ్రీలుంటుంది, ముట్టుకుంటే చర్మం కాలినట్టు అయిపోతుంది, కిటికీల్లేని ఏసీ గదిలో ఎక్కువ వేస్తే ఊపిరాడదు. పిల్లలేమో ఆ పొగలో చేతులు పెట్టడానికి ఎగబడతారు. తీసేయమన్నా, తీసేశారు, డబ్బులు మాత్రం తగ్గించలేదు. పొగలొచ్చే డ్రింకులు, పాన్‌లు కూడా మెనూలో ఉంటే నిర్మొహమాటంగా వద్దనండి, ఈ ఊళ్ళోనే ఒక ఫంక్షన్‌లో లిక్విడ్ నైట్రోజన్ వేసిన స్మోక్ పాన్ తిన్న 12 ఏళ్ళ పాపకి పొట్టలో రంధ్రం పడి ఆపరేషన్ చేశారని 2024లో పేపర్లన్నిట్లో వచ్చింది.

అన్నిటికన్నా ఒళ్ళు మండింది స్కేర్ యాక్ట్‌కి. సినిమా మధ్యలో చెప్పా పెట్టకుండా తలుపు తీసుకుని ఒక కుర్రాడు మాస్క్ వేసుకుని చేతిలో ప్లాస్టిక్ రంపంతో అరుస్తూ వచ్చేశాడు. పెద్దపిల్లలు నవ్వారు, అందరికన్నా చిన్నది వెక్కి వెక్కి ఏడ్చింది. స్క్రీన్ మీద భయం అయితే రిమోట్‌తో ఆపచ్చు, వీణ్ణి ఎలా ఆపుతాం. పాపం వాడే మాస్క్ తీసి "సారీ పాపా, నేను బెంచ్‌లు తుడిచే అన్నని" అని హిందీలో బతిమాలాడు, ఆ అబ్బాయి తప్పేం లేదు, పంపినవాళ్ళని అనాలి.

తిండి బయటది తేనివ్వరు, కేకు తప్ప. కార్తీకమాసం కాబట్టి మాకు వెజ్జే, ఫ్రెంచ్ ఫ్రైస్, పాప్‌కార్న్, చీజ్ శాండ్‌విచ్ బాగానే ఉన్నాయి. బ్లడీ గోబీ అని ఎర్రగా మెరిసిపోయే గోబీ మంచూరియా ఉంది, గోబీలో ఆ కృత్రిమ రంగులు కలపడం కర్ణాటకలో 2024 మార్చిలోనే నిషేధించారు, అడిగితే కశ్మీరీ మిర్చి అన్నారు, నేను ఆర్డర్ ఇవ్వలేదు.

డెకరేషన్‌కి మేం పట్టుకెళ్ళినవే హిట్టయ్యాయి, ఖర్చు కూడా పెద్దగా లేదు. మార్కెట్‌లో దొరికే మన ఎర్ర గుమ్మడికాయే కొని తొలిచి కళ్ళూ ముక్కూ కోశాం, లోపల కండ మందం కాబట్టి చాకు పని పెద్దవాళ్ళు చెయ్యాలి, గింజలు తీసే పని పిల్లలకి ఇవ్వండి. ఐర్లండ్‌లో మొదట్లో దీన్ని టర్నిప్ దుంపతో చేసేవాళ్ళంట, అమెరికా వెళ్ళాక గుమ్మడికాయ దొరికింది. హాల్లో నిప్పు వెలిగించనివ్వరు కాబట్టి బ్యాటరీ దీపం పెట్టాం. తీసిన కండతో అత్తయ్యగారు దప్పళం పెట్టారు, దెయ్యాల పేరంటంలో ఆవిడకి నచ్చింది అదొక్కటే.

నల్ల చార్టు మీద సుద్దతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసి హాలు తలుపుకి అంటించాం, కింద కన్నడలో "నాళె బా" (రేపు రా) అని కూడా. మా చిన్నప్పుడు ఊళ్ళో ప్రతి తలుపు మీదా ఉండేది అంటే పిల్లలు నమ్మరు, స్త్రీ అనే హిందీ సినిమా కోసం కనిపెట్టారనుకుంటున్నారు. రిసెప్షన్‌లో ఉన్నాయన దాన్ని చూసి మాగడి రోడ్‌లో వాళ్ళ ఇంటి తలుపు మీద వాళ్ళమ్మ రాసిన సంగతి, పిల్లలప్పుడు తలుపు చప్పుడైతే ఎవ్వరూ తీసేవాళ్ళు కాదన్న సంగతి చెప్పుకొచ్చాడు. పిల్లలు సినిమా కన్నా దీనికే నోరెళ్ళబెట్టి విన్నారు, ఇది ఇదే ఊళ్ళో జరిగింది కదా మరి.

బుక్ చేసేవాళ్ళకి: మర్నాడు నవంబర్ 1 కన్నడ రాజ్యోత్సవం (కర్ణాటక అవతరణ దినం), స్కూల్లో జెండా ఎగరేసి పంపేస్తారు, హోంవర్క్ గోల ఉండదు, అందుకే 31 సాయంత్రం స్లాట్లు ముందే అయిపోతాయి. నాలుగింటి స్లాట్ తీస్కోండి, ఏడు తర్వాతది అయితే ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని సగం మంది పిల్లలు సినిమా సగమయ్యాక దిగుతారు. ఎంతమంది దాటితే తలకి ఎంత అదనం, అడ్వాన్స్ వెనక్కి ఇస్తారా లేదా అడగండి. హాలు మాత్రమే, పొగ వద్దు, మాస్క్ మనిషి వద్దు అని వాట్సాప్‌లో రాయించుకోండి, ఫోన్లో చెప్పింది ఆ రోజు డ్యూటీలో ఉన్నవాడి దాకా చేరదు.