సెకండ్ హ్యాండ్ క్రెటా: ఏ సంవత్సరం బండి కొనాలి?

చదివే ఓపిక లేనివాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తాను. రోజూ హైవే మీద దూరం తిరిగేవాళ్లయితే 2018 మే తర్వాత వచ్చిన మొదటి తరం హ్యుందాయ్ క్రెటా 1.6 (లీటర్ల ఇంజను) డీజిల్ చూడండి. ఊళ్లోనే తిరిగేవాళ్లయితే 2023 ఫిబ్రవరి తర్వాతి 1.5 పెట్రోలు మాన్యువల్ చూడండి. మధ్యలోవి పనికిరావని కాదు. కానీ ఈ రెండూ దొరికే అవకాశం ఉన్నప్పుడు మధ్యలోదానికి డబ్బు పెట్టడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

నేను ఉండేది రాజమండ్రిలో, పాఠాలు చెప్పేది కాకినాడలో. రానూపోనూ రోజుకి నూట ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. అత్తగారిది భద్రాచలం. పండక్కి, పబ్బానికి మారేడుమిల్లి ఘాట్ ఎక్కి చింతూరు మీదుగా పోవాల్సిందే. మామగారికి మోకాళ్ల నొప్పి, కింద కూర్చున్నట్టుండే కార్లలో ఎక్కి దిగలేరు. అందుకని ఎత్తు బండి కావాలి, ఇంజనుకి సత్తువ ఉండాలి, నా జీతంలో రావాలి. కొత్తది అన్న మాట అక్కడితో పోయింది.

ఏ సంవత్సరం మంచిదని మా మెకానిక్ బాబాయిగారిని అడిగితే, "అమ్మాయ్, ఏ ఏడాదని నన్నడక్కు. రోజుకెంత తిరుగుతావో చెప్పు, ఏ ఇంజనో నేను చెప్తా" అన్నారు. అక్కణ్నుంచే నా వెతుకులాట దారిలో పడింది.

క్రెటా మన దేశంలోకి 2015 జూలైలో వచ్చింది. అప్పుడు ఇంజన్లు మూడు: 1.6 పెట్రోలు, 1.4 డీజిల్, 1.6 డీజిల్. 2018 మేలో ముఖం మార్చి కొన్ని హంగులు చేర్చారు, ఇంజన్లు మాత్రం అవే. 2020 మార్చిలో రెండో తరం వచ్చింది. ఆ ఏప్రిల్ ఒకటి నుంచి దేశమంతా పొగ కాలుష్యం మీద బీఎస్6 నిబంధన తప్పనిసరి కాబట్టి పాత ఇంజన్లన్నీ పోయి 1.5 పెట్రోలు, 1.5 డీజిల్, 1.4 టర్బో పెట్రోలు వచ్చాయి. 2024 జనవరిలో మళ్లీ ముఖం మారింది, 160 పీఎస్ (ఇంజను బలానికి కొలత) ఇచ్చే 1.5 టర్బో వచ్చింది. వీటిలో అసలు గీత పడింది 2020 దగ్గర. ఆ కొత్త టర్బోని పక్కన పెడితే మిగతావన్నీ లైట్లు, గ్రిల్లు, తెరల మార్పులే అనుకోవచ్చు, ఒక్క 2023 తప్ప. దాని సంగతి తర్వాత.

2020 గీత ఎందుకంత ముఖ్యమంటే, డీజిల్ బీఎస్6 బండికి పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. మసిని పట్టి ఉంచుతుంది, బాగా వేడెక్కినప్పుడు దాన్ని కాల్చేసుకుంటుంది. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా కాసేపు ఒకే వేగంతో నడవాలి. పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు కొనుక్కుని వచ్చేసే ఇంట్లో ఆ అవకాశం రాదు. మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, అప్పుడైనా హైవే ఎక్కించకపోతే సర్వీస్ సెంటరుకి పోవాల్సిందే. ఇంజన్ ఆయిలు కూడా ఆ ఫిల్టరుకి సరిపడేదే పోయాలి, ఏది పడితే అది పోస్తే ఫిల్టరు ఆయుష్షు తగ్గుతుంది. నాలాగా రోజూ దూరం నడిపేవాళ్లకి ఇది సమస్య కాదు. కానీ సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మనకంటే ముందు నడిపినవాళ్లు ఎలా నడిపారో తెలియదు కదా. ఫిల్టరు ఏ స్థితిలో ఉందో బయటికి కనపడదు.

2019 వరకు వచ్చిన 1.6 డీజిల్‌కి ఆ బెడద లేదు. 128 పీఎస్ బలం, 260 న్యూటన్ మీటర్ల లాగుడు. ఇంజను లోపలి భాగాల్ని ఒక వరసలో నడిపే టైమింగ్‌కి బెల్టు కాదు, చైనే. ఇన్ని కిలోమీటర్లకోసారి బెల్టు మార్చాలన్న ఖర్చు ఉండదు. ఆరో గేరులో నూరు మీద పోతుంటే ఇంజను ఉన్నట్టే తెలియదు. ఘాట్ ఎక్కేటప్పుడు, అయిదుగురం సామాన్లతో ఉన్నా, రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య కొట్టుకోవడం ఉండదు. మూడులోనే లాక్కుపోతుంది. తక్కువ ఆర్‌పీఎంలో కొంచెం మందకొడిగా ఉంటుంది, టర్బో అందుకునేదాకా. రాజమండ్రి దేవీచౌక్ దగ్గర రద్దీలో అది విసుగే. నేను కొన్నదానికి హైవేలో లీటరుకి పదిహేడు కిలోమీటర్ల దాకా వస్తోంది, ఊళ్లో పద్నాలుగు.

1.4 డీజిల్ ధర తక్కువకి దొరుకుతుంది, నమ్మకమైన ఇంజనే. కానీ 90 పీఎస్ ఈ బరువున్న బండికి చాలదు. మైదానంలో ఒక్కరే తిరిగేవాళ్లకి సరిపోతుందేమో.

2020 తర్వాతి 1.4 టర్బోతో నాకు బాగానే ఆశ పుట్టింది. 140 పీఎస్, నడపడానికి హాయిగా ఉంటుంది. కానీ దాంతో వచ్చేది రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు ఒక్కటే. అదీ ఆయిల్లో తడవని పొడి క్లచ్ రకం. ఏప్రిల్ ఎండలో రద్దీలో అంగుళం అంగుళం జరిపే ఊరికి ఆ క్లచ్ మీద వేడి భారం ఎక్కువ. వారంటీ ఉన్నన్నాళ్లు నడిపి ఇచ్చేసేవాళ్లకి మంచి బండి. దాన్ని మూడో చేతిగా కొని పదేళ్లు ఉంచుకోవాలనుకునే నాకు కాదు. ఆటోమేటిక్ కావాల్సినవాళ్లు మొదటి తరం 1.6 డీజిల్‌లో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఆ పొడి క్లచ్ లేని ఆటోమేటిక్) ఉన్నది వెతుక్కోండి.

భద్రత సంగతి దాటవేయలేను, ఎందుకంటే నేను ఎక్కువ వెతికింది దానికోసమే. మన దేశంలో తయారైన మొదటి తరం క్రెటాకి కార్లను గుద్ది పరీక్షించే లాటిన్ అమెరికా సంస్థ లాటిన్ ఎన్‌క్యాప్ అయిదుకి 4 నక్షత్రాలిచ్చింది. రెండో తరాన్ని 2022 ఏప్రిల్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షిస్తే 3 వచ్చాయి, అది రెండు ఎయిర్‌బ్యాగుల బండి. రెండు పరీక్షలూ వేరు కాబట్టి పాతదే గట్టిదని చెప్పడానికి లేదు. కొత్తది కాబట్టి భద్రం అనుకోవడానికీ లేదు. మొదటి తరంలో ఆరు ఎయిర్‌బ్యాగులు కావాలంటే ఎస్ఎక్స్ ఆప్షనల్ అనే పై రకమే తీసుకోవాలి. 2023 ఫిబ్రవరిలో మాత్రం కింది రకం నుంచి పై రకం దాకా అన్నిటికీ ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారిపోకుండా పట్టే ఈఎస్‌సీ, వెనక చక్రాలకి డిస్క్ బ్రేకులు ఇచ్చేశారు. నేను పైన చెప్పిన 2023 గీత ఇదే. సన్‌రూఫ్‌కి డబ్బు పెట్టేవాళ్లు దీన్ని పట్టించుకోకపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

పెట్రోలు కొనేవాళ్లకి 2023 ఇంకో విధంగా కూడా గీతే. ఆ ఏప్రిల్ నుంచి తయారైన పెట్రోలు బళ్లలో ఇంధనం తగిలే రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇరవై శాతం ఇథనాలుకి తట్టుకునేలా చేశారు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది ఆ పెట్రోలే. అందుకే ఫిబ్రవరి అన్నాను గానీ, ఏప్రిల్ తర్వాతిదైతే ఇంకా మంచిది. ఒక్క జాగ్రత్త ఉంది. 2023 ఫిబ్రవరి 13 నుంచి జూన్ 6 మధ్య తయారైన 1.5 పెట్రోలు ఆటోమేటిక్ క్రెటా, అదే కంపెనీ వెర్నా బళ్లను, రెండూ కలిపి 7,698, కంపెనీ 2024లో వెనక్కి పిలిపించింది. గేర్‌బాక్సు ఎలక్ట్రానిక్ ఆయిల్ పంపు కంట్రోలరు సరిచూడటానికి. మాన్యువల్‌కి ఆ గొడవ లేదు. ఆటోమేటిక్ అయితే ఛాసిస్ నంబరు చెప్పి ఆ పని అయిందో లేదో సర్వీస్ సెంటర్లో అడగండి.

ఇక సంవత్సరం పేరుతో జరిగే మాయ. అమ్మేవాళ్లు చెప్పేది రిజిస్ట్రేషన్ సంవత్సరం. నేను చూసిన ఒక "2019 బండి" ఆర్‌సీలో తయారీ నెల 2018 ఆగస్టు అని ఉంది. ఏడాదికి దగ్గరగా యార్డులో నిలబడి అమ్ముడుపోయిందన్నమాట. ధర మాత్రం 2019ది అడిగారు. ఆర్‌సీ మీద తయారీ నెల, సంవత్సరం ఉంటాయి, చూడండి. ఛాసిస్ నంబర్లో పదో అక్షరం కూడా సంవత్సరం చెప్పేస్తుంది: జె అంటే 2018, కె అంటే 2019, ఎల్ 2020, ఎం 2021, ఎన్ 2022, పి 2023. ఫోన్లో ఫొటో పంపమనండి, ఊరు దాటి వెళ్లే శ్రమ తప్పుతుంది.

కిలోమీటర్లు ఇంకా పెద్ద మాయ. ఒక డీలరు దగ్గర మీటరు నలభై ఎనిమిది వేలు చూపించింది. బాబాయిగారు డ్రైవరు సీటు అంచు తడిమి, క్లచ్ పెడలు రబ్బరు చూసి ఏమీ అనలేదు. టైర్ల పక్క గోడ మీది నాలుగంకెలు చదవమన్నారు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాలుగూ ఆ మధ్యే తయారైనవి. నలభై ఎనిమిది వేలకే నాలుగు టైర్లూ మార్చేవాళ్లెవరు? బండి నంబరు పట్టుకుని సర్వీసు చరిత్ర తీయిస్తే అప్పటికి ఏడాది కిందటే తొంభై ఒక్క వేలు రాసి ఉంది. తొంభై వేలు తిరిగిన 1.6 డీజిల్ కొనడానికి నాకేం అభ్యంతరం లేదు, ఆ ఇంజనుకది పెద్ద దూరం కాదు. అబద్ధం చెప్పి అమ్మేవాళ్లు ఇంకేం దాచారో అన్నదే భయం.

వరద బళ్ల విషయం మనవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. మునిగిన బళ్లన్నీ తుక్కులోకే పోయాయని అనుకోకండి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, నీటి మరక అక్కడ దాగదు. స్టెప్నీ గుంటలో, కార్పెట్ కింద, స్టీరింగ్ కింది వైర్ల కనెక్టర్ల దగ్గర ఒండ్రు వాసన, తుప్పు చూడండి. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చే డీజిల్ బళ్లు కూడా చాలా కనపడతాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ తిరగకూడదని పెట్టిన నిబంధన వల్ల ఇటు పంపుతూ వచ్చారు. మన దగ్గర ఆ నిబంధన లేదు, కానీ చవక అనుకున్నది ట్యాక్సులో తేలుతుంది.

ఆ ట్యాక్సు లెక్క తెలంగాణ బళ్లకీ వర్తిస్తుంది. హైదరాబాద్‌లో బళ్లు ఎక్కువ, బేరం బాగుంటుంది. కానీ ఆంధ్రాకి తెచ్చుకుంటే అక్కడి రవాణా ఆఫీసు నుంచి అభ్యంతరం లేదని ఫారం 28తో ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు, కొత్త నంబరు. మా ఆడపడుచు భర్త హైదరాబాద్‌లో మంచి బండి చూశారు. ధరకి ఈ ఖర్చు కలిపితే ఇక్కడి బండి కంటే ఎక్కువైంది. "వద్దులే వదినా, అక్కడే చూసుకోండి" అని మా ఆడపడుచే అనేసింది. లోను మీద కొన్న బండైతే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35 చేతికి రాకుండా మొత్తం డబ్బు ఇవ్వకండి.

చివరికి నేను తీసుకున్నది ఏపీ 39 నంబరుతో ఉన్న 2019 ఎస్ఎక్స్ ఆప్షనల్, 1.6 డీజిల్ మాన్యువల్. తయారీ కూడా 2019లోనే. అమలాపురం దగ్గర ఒక డాక్టరుగారి బండి. సర్వీసు కాగితాలన్నీ తేదీల వరసలో ఫైలు చేసి పెట్టారు. తొమ్మిది లక్షల లోపు పడింది. కొన్నాక క్లచ్ సెట్టు, ముందు సస్పెన్షన్ లింకు రాడ్లు, స్టీరింగ్ మోటారు దగ్గరి చిన్న రబ్బరు కప్లరు మార్పించాను. ఈ వయసు బండికి, నేను రోజూ తిరిగే ఏడీబీ రోడ్డుకి ఇవి మామూలు ఖర్చులే. బేరమాడేటప్పుడే కలుపుకోవాలి. ఆ కప్లరు అరిగితే ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే టక్ టక్ మంటుంది. వస్తువు చవక, విప్పి బిగించే కూలి ఎక్కువ.

మా కాలేజీలోనే ఇంకో మేడం ఉన్నారు. ఆవిడ ఇల్లు కాకినాడలోనే, కాలేజీకి పావుగంట. నా బండి ఎక్కి చూసి ఇలాంటి డీజిలే కావాలన్నారు. వద్దని చెప్పాను. రోజుకి ఎనిమిది, పది కిలోమీటర్లు తిరిగే ఆవిడకి డీజిల్ ఇంజను వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. 2023 జూన్ తయారీ పెట్రోలు మాన్యువల్ ఒకటి సామర్లకోటలో అమ్మకానికి ఉందని తెలిసింది. నా బండి కంటే ధర బాగా ఎక్కువే, కానీ అది ఆవిడకి సరిపోయే బండి. ఈ ఆదివారం బాబాయిగారిని వెంటబెట్టుకుని ముగ్గురం వెళ్లి చూస్తున్నాం.