పోట్లాడని ఎద్దు, ఎనిమిది నిమిషాల సినిమా

సంక్రాంతికి పలాస దగ్గర మా అత్తవారింట్లో పిల్లలందరూ చేరితే ఫోన్ల కోసం ఎంత గోలో తెలిసిందే కదా, అందుకే ఈసారి ఫోన్ నేనే లాక్కుని టీవీకి తగిలించి 1938లో డిస్నీ వాళ్లు తీసిన ‘ఫెర్డినాండ్ ది బుల్’ పెట్టాను. ఆ పేరు మా అయిదేళ్ల గుంటడికి నోరు తిరగక ‘పెదనాన్న’ అయిపోయింది. వాడి సొంత పెదనాన్న, అంటే మా బావగారు, పక్కనే కూర్చుని ఉన్నారు. ఇక ఆ సాయంత్రం ఆయన పరిస్థితి అడక్కండి.

కథ ఇంతే. స్పెయిన్‌లో ఓ కోడెదూడ. తోటి దూడలన్నీ రోజంతా కుమ్ముకుంటుంటే వీడు మాత్రం చెట్టు కింద కూర్చుని పూల వాసన చూస్తుంటాడు. తల్లి ఆవు వచ్చి, వెళ్లి వాళ్లతో ఆడుకోరాదా అంటుంది, నాకిక్కడే బాగుంది అంటాడు, సరేలే అని వదిలేస్తుంది. ఈ ముక్క రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. మా ఇంట్లో అయితే పక్కింటి అబ్బాయిని చూసి నేర్చుకో అనే మాట ఈపాటికి నాలుగుసార్లు వచ్చుండేది, అందులో మూడు నావే.

ఆ చెట్టుకి సీసా బిరడాలు గుత్తులు గుత్తులుగా కాసి ఉంటాయి. మావాడు చూడగానే ‘అమ్మా, జీడిపిక్కలు!’ అన్నాడు, జీడితోటల్లో తిరిగేవాడు మరి ఇంకేమంటాడు. నిజానికి బిరడాలు కాయవు, కార్క్ చెట్టు బెరడుని దాదాపు తొమ్మిదేళ్లకోసారి ఒలిచి వాటిని చేస్తారు. 1936లో మన్రో లీఫ్ రాసిన పిల్లల పుస్తకానికి బొమ్మలేసిన రాబర్ట్ లాసన్ చేసిన కొంటెపని ఇది, సినిమా వాళ్లూ అలాగే ఉంచేశారు. పుస్తకం కూడా ఆన్‌లైన్‌లో తెప్పించాను, అట్ట నలిగి వచ్చింది, వెనక్కి పంపుదామంటే మా ఊరికి పికప్ లేదన్నారు. లోపలి నలుపు తెలుపు బొమ్మలు చూశాక కోపం సగం తగ్గింది.

మనిషితో ఎద్దు తలపడే పోటీకి గట్టి ఎద్దు కోసం మాడ్రిడ్ నుంచి అయిదుగురు వచ్చిన సమయానికే మన ఫెర్డినాండ్ తుమ్మెద మీద కూర్చుంటాడు. కుట్టిన మంటకి వేసిన గంతులు చూసి వీరుడనుకుని తీసుకుపోతారు. అసలు సినిమా అక్కడ, ఆ పోటీ బరిలో ఉంది. బల్లేలు పట్టుకుని డాబుగా వచ్చేవాళ్లకి డిస్నీలో పనిచేసే బొమ్మలవాళ్ల మొహాలే పెట్టారనీ, అందరికన్నా పోజు కొట్టే మాటడోర్‌ది, అంటే ఎద్దుతో తలపడేవాడిది, వాల్ట్ డిస్నీ పోలికేననీ చెబుతారు. ఎద్దేమో పూలగుత్తి దగ్గర కూలబడుతుంది. పొడవరా బాబూ అని మాటడోర్ బతిమాలి, ఏడ్చి, చివరికి చొక్కా విప్పితే గుండె మీద పువ్వు పచ్చబొట్టు. దాన్ని ఒక్కసారి నాకుతాడు మనవాడు! మా అత్తయ్య అంతవరకు ‘ఏటి, పని చెయ్యని ఎద్దుకి కూడా సినిమాయేటి’ అంటున్నావిడ, ఇక్కడ పకపకా నవ్వేశారు.

దీనికి ఆస్కార్ వచ్చింది. ఇలాంటి కథ పుస్తకాన్ని నాజీలు తగలబెట్టారు, స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో నిషేధించాడు. పుస్తకం వచ్చేనాటికి అక్కడ అంతర్యుద్ధం మొదలై రెండు నెలలే అయింది మరి, పోట్లాడనని కూర్చున్న ఎద్దుని చూస్తే మండదా.

అయిదుకి నాలుగే ఇస్తున్నాను. మొదటినుంచి చివరిదాకా ఇంగ్లీషులో కథ చెబుతూనే ఉంటారు, ఆపి ఆపి తెలుగులో చెప్పుకోవాలి. ఆ బల్లేలు ఎందుకమ్మా అని పిల్లలు అడుగుతారు, నిజంగా ఆ ఆటలో ఎద్దుని చంపేస్తారని అయిదేళ్లవాడికి ఎలా చెప్పాలో ముందే ఆలోచించుకోండి, నేను మాట మార్చేశాను. 2017లో ఇదే కథని పెద్ద సినిమాగా సాగదీశారు, అది ఒకసారికి చాలు.

మర్నాడు గంగిరెద్దు వచ్చింది. మావాడు గుమ్మానికి కట్టిన బంతిపువ్వు తెంపుకుని పరిగెత్తి, వాసన చూడు పెదనాన్నా అంటూ దాని ముక్కు దగ్గర పెట్టాడు. అది తినేసింది. గంగిరెద్దులాయన ఇంకోటుంటే తెమ్మన్నాడు.