ఛానెల్ మారమని ఆర్డరొచ్చింది: డైరెక్టుగా మారాలా, ఇంటరిమ్ యాంటెన్నా పెట్టుకోవాలా? ఏది మేలు?

ఫ్రీక్వెన్సీ మార్పు నోటీసు అందిన టీవీ స్టేషన్ల వాళ్ళు అడిగేది దాదాపు ఎప్పుడూ ఇదే. పాత యాంటెన్నా దించి కొత్తది ఎక్కించి ఒకేసారి మారిపోవాలా, లేకపోతే టవర్ నడుమ పక్కకి ఒక చిన్న తాత్కాలిక (ఇంటరిమ్) యాంటెన్నా కట్టి దాని మీద కొన్నాళ్ళు నెట్టుకొచ్చి తర్వాత మెయిన్‌కి పోవాలా అని. దీనికి ముందు అందరూ ట్రాన్స్‌మిటర్ గురించి తెగ చర్చిస్తారు, రీట్యూన్ అవుతుందా కొత్తది కొనాలా అని. నన్నడిగితే అది తర్వాతి సంగతి. కింద షెడ్డులో ఉన్నదాన్ని రాత్రీపగలూ కూర్చునైనా మార్చుకోవచ్చు, పైన ఉన్నదాని దగ్గరే డేట్లు తప్పుతాయి.

అమెరికా రీప్యాక్ (టీవీ స్టేషన్లని తక్కువ ఛానెళ్ళలోకి మళ్ళీ సర్దడం) చూడండి. 2017 ఏప్రిల్‌లో టీవీ ఫ్రీక్వెన్సీలని మొబైల్ కంపెనీలకి అమ్మిన వేలం లెక్క తేలాక 38 నుంచి 51 దాకా ఛానెళ్ళు, అంటే 614 నుంచి 698 మెగాహెర్ట్జ్ వరకు, టీవీ చేతిలోంచి పోయాయి. 987 స్టేషన్లు కొత్త ఛానెల్‌కి మారాల్సొచ్చింది, పది ఫేజులు, మొత్తం 39 నెలలు. ఖర్చులకి 175 కోట్ల డాలర్ల ఫండ్ పెట్టి, చాలదని 2018లో ఇంకో 100 కోట్లు కలిపారు. డబ్బు అలా కలపొచ్చు గానీ టవర్ క్రూలని ఎక్కణ్ణుంచి కలుపుతారు? వెయ్యి అడుగుల పైన టన్నుల బరువున్న టాప్ మౌంట్‌ని (టవర్ కొసన నిలబెట్టే యాంటెన్నాని) దించి కొత్తది నిలబెట్టగలవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది, వాళ్ళు అందరికీ ఒకే సీజన్లో కావాలి, పైగా గాలి ఎక్కువుంటే ఆ రోజు పని లేనట్టే. తొందరపెట్టే పని కూడా కాదది, 2018 ఏప్రిల్‌లో మిస్సోరీలో ఫోర్డ్‌ల్యాండ్ దగ్గర టవర్‌ని బలపరిచే పని జరుగుతుండగా మొత్తం టవరే కూలి ఒక మనిషి చనిపోయాడు.

ఇంకో చిక్కేంటంటే స్టేషన్లు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మీరు ఖాళీ చేసే ఛానెల్‌లోకి ఇంకొకరు రావాలి, వాళ్ళది ఖాళీ అయితే మూడోవాళ్ళు కదలాలి. మీ క్రూ రాలేదంటే ఆగేది మీరొక్కరే కాదు.

అందుకే నా ఓటు ఇంటరిమ్‌కే. బ్రాడ్‌బ్యాండ్ ప్యానెల్ టైపు (ఒక్కటే చాలా ఛానెళ్ళకి పనికొచ్చేది) తీసుకుంటే పాత ఛానెల్, కొత్త ఛానెల్ రెండూ దాని మీద నడుస్తాయి కాబట్టి, పైన మెయిన్ యాంటెన్నా మార్చేటప్పుడు పాత ఛానెల్‌ని దీని మీద నడపొచ్చు, పైన పని పూర్తి కాకుండానే గడువొచ్చేస్తే కొత్త ఛానెల్‌కీ దీని మీదే మారిపోవచ్చు. కటోవర్ డేట్‌కి, అంటే కొత్త ఛానెల్‌కి మారే రోజుకి, వాతావరణంతో సంబంధం తెగిపోతుంది. దీన్ని కట్టడానికి పెద్ద క్రేన్ క్రూ కూడా అక్కర్లేదు, తీరికున్న నెలలో ముందే కట్టించుకోవచ్చు. ఇంటరిమ్ అంటే జనం రెండుసార్లు రీస్కాన్ (టీవీలో ఛానెళ్ళని మళ్ళీ వెతికించడం) చేయాలనుకుంటారు కొందరు, అలా ఏం లేదు, రిసీవర్‌కి ఛానెల్ మారిందా లేదా అన్నదే లెక్క, యాంటెన్నా మారితే దానికి తెలియదు.

లోపాలు లేవని కాదు. ఎత్తు తక్కువ, పవర్ తక్కువ, దానికి పర్మిషన్ విడిగా తీసుకోవాలి, టవర్ ఉక్కు నీడ పడే దిక్కున సిగ్నల్ దెబ్బతింటుంది. డిజిటల్లో మసక బొమ్మ అనేది ఉండదు కదా, అంచు ఊళ్ళవాళ్ళకి వస్తే పూర్తిగా వస్తుంది లేకపోతే అసలు రాదు, ఫోన్లు కూడా వాళ్ళ దగ్గర్నుంచే వస్తాయి. కొన్నాళ్ళపాటు రెండు యాంటెన్నాలు, వాటికి సిగ్నల్ మోసే రెండు లైన్లు టవర్ మీద వేలాడతాయి కాబట్టి స్ట్రక్చరల్ ఎనాలిసిస్ చేయించాలి, టవర్ తట్టుకోదని రిపోర్టొస్తే ఇక ఈ మాటే లేదు.

డైరెక్టుగా మారేవాళ్ళకి టవర్ పని ఒక్కసారితో అయిపోతుంది, మొదటి రోజు నుంచే ఫుల్ పవర్. మీ మెయిన్ యాంటెన్నా ఇప్పటికే బ్రాడ్‌బ్యాండ్ ప్యానెలై, కొత్త ఛానెల్ దాని రేంజిలోనే ఉంటే ఇంకేం ఆలోచించకండి, మాస్క్ ఫిల్టర్ (సిగ్నల్ పక్క ఛానెళ్ళలోకి పోకుండా ఆపేది) మార్చుకుని డైరెక్టుగా వెళ్ళిపోండి. స్లాట్ యాంటెన్నా (గొట్టానికి గాళ్ళు కోసి చేసేది) అయితే మామూలుగా ఒక్క ఛానెల్‌కే కోసి ఉంటుంది కాబట్టి ఆ అదృష్టం ఉండదు.

ఏ దారిలో వెళ్ళినా రిజిడ్ లైన్ (ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నాకి సిగ్నల్ మోసే గట్టి లోహపు గొట్టం) సంగతి మర్చిపోవద్దు. దాని సెక్షన్లు 20 అడుగులో, 19 ముప్పావో, 19న్నరో ఉంటాయి. ప్రతి ఫ్లాంజ్ (సెక్షన్లు కలిసే అతుకు) దగ్గరా కొంచెం సిగ్నల్ వెనక్కి కొడుతుంది, ఒక్కోటి చూస్తే లెక్కలోకి రాదు, కానీ సెక్షన్ పొడవుకీ ఛానెల్‌కీ పొంతన కుదరకపోతే అవన్నీ ఒకదానికొకటి తోడై వీఎస్‌డబ్ల్యూఆర్ (సిగ్నల్ ఎంత వెనక్కి కొడుతోందో చెప్పే కొలత) పైకి లేస్తుంది. పాత ఛానెల్‌లో ఏళ్ళ తరబడి బాగా నడిచిన లైన్ కొత్త ఛానెల్‌లో పనికిరాకపోవచ్చు. పాత డ్రాయింగులని నమ్మకుండా కింది సెక్షన్‌కి టేపు పెట్టి ఫ్లాంజ్ నుంచి ఫ్లాంజ్‌కి కొలవండి, తర్వాత కొత్త ఛానెల్ మీద స్వీప్ (ఆ ఫ్రీక్వెన్సీల అంతటా లైన్‌ని టెస్ట్ చేయడం) చేయించండి. లైన్ మొత్తం మార్చాల్సొస్తే డైరెక్ట్ ప్లాన్‌కి క్రూ రోజులు బాగా పెరుగుతాయి, అప్పుడు ఇంటరిమ్ లేకుండా దిగడం సాహసమే.

మిగతా దారులు కూడా అడుగుతుంటారు. పక్క స్టేషన్‌తో ఛానెల్ షేరింగ్ అంటే బిట్‌రేట్ (ఛానెల్ మోయగల డేటా) పంచుకోవాలి, ఒప్పందం కుదిరితే చవకే. వీహెచ్ఎఫ్‌కి, అంటే ఇంకా కింది ఫ్రీక్వెన్సీ ఛానెళ్ళకి, పోతే కరెంటు బిల్లు తగ్గుతుంది గానీ ఇంట్లో చిన్న యాంటెన్నా పెట్టుకున్నవాళ్ళకి తిప్పలు.

మెయిన్ ఎక్కాక ఇంటరిమ్‌ని వెంటనే పీకేయకండి, టవర్ లోడ్ ఒప్పుకుంటే బ్యాకప్‌గా ఉంచుకోండి. అలాంటి ఫండ్ ఉండి ఖర్చుకి రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్ళు మాత్రం దాన్ని కొనేముందే ఖర్చు లిస్టులో చూపించాలి. ఇదే అదను కదా అని పెద్ద పవర్‌దో ఖరీదైనదో తీసుకుంటే ఆ పై తేడా మీ జేబులోంచే.