మొదటి రోజు దండగ, రెండో రోజు డబ్బులు వసూలు: బెంగళూరు జయనగర్‌లో స్టూడెంట్ మెంటర్ల వర్క్‌షాప్

ముందే చెప్పేస్తున్నా, ఈ వర్క్‌షాప్ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు కాదు, స్టేజీ భయం పోగొట్టే కోర్సు కూడా కాదు. పోస్టర్ చూస్తే మాత్రం అలాగే అనిపిస్తుంది. మైకు పట్టుకుని నవ్వుతున్న అబ్బాయి, కింద కాన్ఫిడెన్స్, లీడర్‌షిప్ అని పెద్ద పెద్ద అక్షరాలు. దాన్ని చూసి వచ్చినవాళ్ళు మొదటి రోజు హుషారుగా ఉండి రెండో రోజు విసుక్కున్నారు, నా సంగతి సరిగ్గా రివర్స్. శని, ఆదివారాలు రెండు రోజులు, మనిషికి 2,200 రూపాయలు, నలుగురు కలిసి కడితే తలా 1,800, మధ్యాహ్నం భోజనం అందులోనే. స్టూడెంట్ జేబుకి ఇది చిన్న మొత్తం కాదు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ఎవరికి పనికొస్తుందంటే, కాలేజీలో ఫస్టియర్ పిల్లలకి సీనియర్ మెంటర్‌గా పేరిచ్చినవాళ్ళకి. సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ ఇంజనీరింగ్ కాలేజీలకి పెట్టిన మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రాం వచ్చాక ఈ మెంటర్ గ్రూపులు చాలా చోట్ల మొదలయ్యాయి. ఫ్యాకల్టీ మెంటర్ ఒకరు, కింద సీనియర్ స్టూడెంట్ ఒకరు, వాళ్ళకో జూనియర్ల గ్రూపు. కాగితం మీద బాగుంటుంది. జరిగేది ఏంటంటే సార్ సంతకం పెడతారు, రాత్రి పదకొండింటికి "అక్కా, మాట్లాడొచ్చా?" అని మెసేజ్ వచ్చేది మాత్రం మనకి. ఆ మెసేజ్‌కి ఏం జవాబివ్వాలో కాలేజీలో ఎవరూ నేర్పరు, ఒక టీషర్టు, ఒక ఐడీ కార్డు ఇచ్చి వదిలేస్తారు. అందులోనూ బెంగళూరులో చదివే మన పిల్లలు ఎంతమందో మీకు తెలుసు, అనంతపురం, కడప, కర్నూలు నుంచి రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగేవాళ్ళు, ఇంట్లోంచి బయటికి రావడమే మొదటిసారి అయినవాళ్ళు.

మొదటి రోజు కార్పొరేట్ ట్రైనర్ ఒకాయన వచ్చారు. మనిషి మంచివాడే, గొంతు బాగుంది, కానీ గంటకోసారి "ఎనర్జీ! ఎనర్జీ!" అని అరిచి చప్పట్లు కొట్టిస్తారు. స్లైడ్లు చూస్తే ఏదో కంపెనీ సేల్స్ టీమ్‌కి చేసినవే మాకూ వేశారని అర్థమైపోతుంది. మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతు 38, ముఖం 55 అని ఒక స్లైడు పెట్టి, దాని మీదే గంటసేపు బాడీ లాంగ్వేజ్ చెప్పారు. ఈ లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967లో అచ్చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది, అవి ఇష్టాయిష్టాల గురించి, అదీ మాట ఒకటి, ముఖం ఇంకొకటి చెబుతున్నప్పుడు వినేవాడు దేన్ని నమ్ముతాడనే దాని గురించి. మొత్తం సంభాషణకి దీన్ని అంటగట్టకండని మెహ్రాబియనే చెప్పాడు. మాటల విలువ నిజంగా ఏడు శాతమే అయితే మా ఫిజిక్స్ సార్ క్లాసు సౌండ్ ఆపేసి చూసినా పాసైపోవాలి కదా. డబ్బు తీసుకుని నేర్పేవాళ్ళు ఈమాత్రం సరిచూసుకోవాలి.

ఆ తర్వాత జోహారీ విండో (మన గురించి మనకీ ఎదుటివాళ్ళకీ తెలిసినవీ తెలియనివీ నాలుగు గళ్ళలో రాయడం), ఒక టీమ్ ఎలా ఏర్పడి కుదురుకుంటుందో టక్‌మన్ చెప్పిన దశలు. 1955 నాటిది ఒకటి, 1965 నాటిది ఇంకొకటి. తప్పేం లేదు, కానీ ఇవి ఎంబీఏ పరీక్షకి పనికొస్తాయి. రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్న పిల్లతో ఏం మాట్లాడాలో వీటివల్ల తెలీదు.

నాకు అసలు కోపం వచ్చింది ఐస్‌బ్రేకర్ దగ్గర, అంటే బెరుకు పోగొట్టే పరిచయాల ఆట దగ్గర. ఒక్కొక్కరే మధ్యలోకి వచ్చి, పేరు చెప్పి, ఒక డాన్స్ స్టెప్పు వేయాలట, మిగతావాళ్ళు దాన్ని కాపీ కొట్టాలట. మాకు పర్లేదు, థర్డియర్ వాళ్ళం, నవ్వుకుంటూ వేసేశాం. కానీ ఇదే మీ జూనియర్లతో చేయించండి, వెంటనే కలిసిపోతారు అన్నారాయన. మన కాలేజీల్లో సీనియర్లు గుండ్రంగా నిలబడి జూనియర్‌ని మధ్యలో నిలబెట్టి "ఇంట్రో ఇవ్వరా, డాన్స్ చెయ్యి" అంటే దాన్ని ఏమంటారో అందరికీ తెలుసు. యూజీసీ 2009 రెగ్యులేషన్స్‌లో స్పష్టంగా ఉంది, మామూలుగా ఆ విద్యార్థి చేయని పని ఏదైనా చేయమని, దానివల్ల సిగ్గూ ఇబ్బందీ పడేలా చేస్తే అది ర్యాగింగే. నా పక్కనున్న మంగళూరు అమ్మాయి ఇదే అడిగింది. "ఇట్స్ జస్ట్ ఫన్" అని నవ్వేసి తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయారు. ఈ సలహా విని ఏ అమాయక మెంటరో నిజంగానే చేయిస్తే, అటు నుంచి యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ వెళ్తే, ఇరుక్కునేది ట్రైనర్ కాదు, మెంటర్.

రెండో రోజు ఒక మేడమ్ వచ్చారు, చాలా ఏళ్ళు కాలేజీ కౌన్సెలర్‌గా చేసినావిడ. ప్రొజెక్టర్ ఆన్ చేయలేదు. కుర్చీలు గుండ్రంగా వేయించి, అదే పరిచయ కార్యక్రమం ఇంకోలా చేయించారు: పక్కవాళ్ళతో జతగా కూర్చుని నాలుగు నిమిషాలు మాట్లాడుకోండి, తర్వాత మీ గురించి మీ జత మనిషి చెబుతారు, ఏదైనా చెప్పొద్దనుకుంటే ముందే వాళ్ళకి చెప్పేయండి, మాట్లాడాలని లేకపోతే పాస్ అనండి. ఎవరూ నిలబడలేదు. ఎవరికీ చెమటలు పట్టలేదు. జూనియర్లతో మొదటి మీటింగ్‌కి ఇది యథాతథంగా వాడుకోవచ్చు.

తర్వాత ముగ్గురేసి జట్లు. ఒకరు జూనియర్, ఒకరు మెంటర్, ఒకరు చూసేవాళ్ళు. చూసేవాళ్ళకి ఒకటే పని, మెంటర్ నోటి నుంచి సలహా ఎప్పుడు ఊడిపడిందో కాగితం మీద గీత పెట్టుకోవాలి. నేను చూసే వంతులో ఉన్నా. మా జట్టులో జూనియర్‌గా చేసింది హిందూపురం వైపు అమ్మాయి, మెంటర్‌గా చేసినతను నెల్లూరు. మొదట ఇంగ్లీషులో మొదలుపెడితే ఇద్దరూ ఇంటర్వ్యూకి వచ్చినట్టు బిగుసుకుపోయారు. తెలుగులో చేయొచ్చా మేడమ్ అని అడిగితే తప్పకుండా అన్నారు, ఆవిడకి తెలుగు కొంచెమే వచ్చినా. ఇంక చూడండి. "అన్నా, ఇంటికెళ్ళిపోవాలనిపిస్తోంది" అని ఆ అమ్మాయి ఇంకా వాక్యం పూర్తి చేయకముందే అతను "అరే, ఫస్ట్ సెమ్‌లో అందరికీ అలాగే ఉంటుందమ్మా, అలవాటైపోతుంది, వీకెండ్ ఫ్రెండ్స్‌తో లాల్‌బాగ్ వెళ్ళిరా" అనేశాడు. ఆ అమ్మాయి "ఆఁ, సరే అన్నా" అంది. అంతే, అయిపోయింది. మంచి మనసుతో చెప్పిన మాటే, కానీ తలుపు మూసేశాడు.

మేడమ్ మళ్ళీ చేయించారు, ఈసారి రెండు రూల్స్‌తో. అడిగిన తర్వాత మూడు సెకన్లు నోరు తెరవకూడదు, "ఎందుకు" అని అడగకూడదు. మూడు సెకన్లు ఏం గొప్ప అనుకుంటాం, ఎదుటి మనిషి కళ్ళల్లోకి చూస్తూ ఆగండి, యుగంలా ఉంటుంది. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో క్లాసుల్లో టీచర్లు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతారో కొలిస్తే ఒక సెకను దగ్గర తేలిందట. అదే మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, జవాబు చెప్పనివాళ్ళు తగ్గారు. మా కళ్ళ ముందు కూడా అదే జరిగింది. నెల్లూరు అబ్బాయి "ఎప్పటి నుంచి అనిపిస్తోంది?" అని అడిగి ఊరుకున్నాడు. ఆ అమ్మాయి కాసేపు గోళ్ళు చూసుకుని, మొదటి ఇంటర్నల్స్‌లో మ్యాథ్స్ పోయిందని, నాన్న ఫీజుకి వడ్డీకి తెచ్చాడని, ఫోన్ చేసినప్పుడల్లా "బాగా చదువుతున్నావా?" అంటే బాగానే అని చెబుతున్నానని చెప్పుకుంటూ పోయింది. పాత్రగా చెప్పిందో, సొంత సంగతే చెప్పిందో తెలీదు, ఎవరూ అడగలేదు.

"ఎందుకు" వద్దనడానికి ఆవిడ చెప్పిన కారణం నాకు బాగా పట్టింది. ఎందుకు క్లాసుకి రావట్లేదు అంటే వార్డెన్ అడిగినట్టే ఉంటుంది, జూనియర్ వెంటనే సంజాయిషీ వెతుక్కుంటాడు. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రోజు ఎలా గడిచిందో చెప్పు అంటే అబద్ధం ఆడాల్సిన అవసరమే రాదు. అలాగే ఎదుటివాళ్ళ మాటని తిరిగి వాళ్ళకి చెప్పడం గురించి. కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే సైకాలజిస్టులు 1957లో యాక్టివ్ లిజనింగ్ అని రాసినప్పటి నుంచి ఇది ప్రతి ట్రైనింగ్‌లోనూ ఉంటుంది, కానీ "అంటే నువ్వు బాధపడుతున్నావన్నమాట" అని చిలక పలుకులు పలికితే టీవీ యాంకర్‌లా ఉంటుంది, ఎదుటివాళ్ళకి ఒళ్ళు మండుతుంది. మామూలుగా "ఊఁ, తర్వాత?" అన్నా చాలు, మధ్యలో ఒక్కసారి విన్నది సరిగ్గా విన్నామో లేదో అడిగితే చాలు అన్నారు. ఇలాంటివి పుస్తకంలో చదివితే రావు, నోటితో చేస్తేనే వస్తాయి.

మధ్యాహ్నం భోజనం గురించి ఒక మాట. బిసిబేళె బాత్, పెరుగన్నం, చిప్స్. సాంబారు కూడా పెట్టారు, బెల్లం వేసిన సాంబారు, దాని గురించి మన జనం ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. పచ్చడి లేదు. గుంటూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి బ్యాగులోంచి కారప్పొడి డబ్బా తీస్తే నిమిషంలో ఖాళీ.

భోజనం తర్వాత గ్రూపుని నడపడం. ఇది కూడా బాగుంది. ఎప్పుడూ తనే మాట్లాడేవాడు ఒకడుంటాడు కదా, వాడికి ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి అన్నారు, కళ్ళు కలవకపోతే వాడికి మాటిమాటికీ అవకాశం దొరకదు. నోరు విప్పనివాళ్ళ కోసం ముందు ఒక్కరే ఆలోచించడం, తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడడం, ఆ తర్వాతే అందరి ముందు చెప్పడం. థింక్ పెయిర్ షేర్ అంటారు, ఫ్రాంక్ లైమన్ 1981లో పెట్టిన పద్ధతి. బెంగళూరు కాలేజీలకి ఇది ఇంకోలా పనికొస్తుంది. మా గ్రూపుల్లో సగం మంది తెలుగువాళ్ళే, తెలియకుండానే మాట తెలుగులోకి జారిపోతుంది, హుబ్బళ్ళి నుంచి వచ్చిన పిల్లాడు, పాట్నా నుంచి వచ్చిన పిల్ల ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. జతలుగా మాట్లాడుకునేటప్పుడు ఏ భాషైనా సరే, అందరి ముందుకొచ్చాక అందరికీ అర్థమయ్యే భాష అని మొదటి రోజే గ్రూపుతో కలిసి ఒప్పందం చేసుకోండి అన్నారు. దీన్ని ఒక ఆటగా చేయించారు కూడా, ఆరుగురిలో నలుగురు తెలుగు. బయట మిగిలిపోయిన ఆ ఇద్దరిలో ఒకరిగా కూర్చుంటే ఆ బాధ తెలుస్తుంది.

నా పెద్ద ఫిర్యాదు చివరి గంట గురించి. మెంటర్ ఎక్కడ ఆగాలి, ఎప్పుడు పెద్దవాళ్ళకి అప్పజెప్పాలి అనే భాగం అన్నిటికంటే ముఖ్యం, దానికే టైమ్ మిగల్లేదు. "ఎవరికీ చెప్పనని ముందే మాటివ్వొద్దు, ప్రాణం మీదికొచ్చే విషయమైతే చెప్పాల్సి వస్తుందని మొదటే చెప్పండి" అన్నారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని మనలో చాలామందికి భయం, అలా కాదని డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెబుతోంది, అడగాలి, అడిగాక ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 బోర్డు మీద రాశారు. 2022 అక్టోబరులో మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు, దీనికి దేశం మొత్తానికీ పెద్ద దిక్కు మన బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్సే. ఇదంతా హడావిడిగా, సగం మంది బ్యాగులు సర్దుకుంటుండగా జరిగింది. మొదటి రోజు డాన్స్ స్టెప్పులకి పోయిన టైమ్ ఇక్కడికి రావాలి. దీని మీద ఒక్క రోల్ ప్లే కూడా లేదు.

మిగతావి చకచకా. హాలు మొదటి అంతస్తులో, లిఫ్టు లేదు, నడవలేనివాళ్ళకి కష్టం. ఏసీ బాగుంది. రోడ్డు చప్పుడు ఉంది కానీ కిటికీలు మూస్తే పర్లేదు. ఎలక్ట్రానిక్ సిటీ వైపు నుంచి వచ్చేవాళ్ళు మెట్రో ఎల్లో లైన్‌లో ఆర్.వి. రోడ్ దాకా వచ్చి గ్రీన్ లైన్‌కి మారితే పక్క స్టేషనే జయనగర్, సిల్క్ బోర్డు ట్రాఫిక్ టెన్షన్ లేదు. సర్టిఫికెట్ మీద నా పేరు తప్పు పడింది, మెయిల్ పెడితే సరిచేసి పంపారు. ఇచ్చిన కాగితాలన్నీ మొదటి రోజువే, రెండో రోజుది మీరే రాసుకోవాలి, నోట్‌బుక్ తీసుకెళ్ళండి.

రేటింగ్ అంటే 5కి 3.5 ఇస్తా. ఆ మూడున్నరా మేడమ్‌వే. ఒక్క రెండో రోజుకే విడిగా వెయ్యి పెట్టి అమ్మితే మా గ్రూపు మెంటర్లందర్నీ పంపిస్తా. కట్టే ముందు ఫోన్ చేసి రెండో రోజు ఎవరు తీసుకుంటున్నారో అడగండి, బ్యాచ్‌ని బట్టి ట్రైనర్లు మారతారని రిసెప్షన్‌లో అమ్మాయే చెప్పింది. రెండు రోజులూ మొదటాయనే అయితే ఆ 2,200తో మీ జూనియర్లని తీసుకెళ్ళి దోసెలు తినిపించండి, వాళ్ళు మాట్లాడుతుంటే మీరు వినండి.