బార్‌కోడ్ చదివి పోషకాలు చెప్పే యాప్: ఆరు నెలల వాడకం తరువాత

నాన్నగారికి రక్తపోటు ఉందని తేలినప్పటి నుంచి, ఎంవీపీ కాలనీలో సరుకులు కొనేటప్పుడు ప్రతి ప్యాకెట్టునూ ఈ యాప్‌తో స్కాన్ చేసి చూడడం నాకు అలవాటైంది. ప్యాకెట్టు వెనుక ఆవగింజంత అక్షరాలలో ఉండే సోడియం, చక్కెర, కొవ్వు వివరాలు ఫోన్ తెరపై 100 గ్రాముల లెక్కన కనిపిస్తాయి కాబట్టి, రెండు కంపెనీల సరుకులను పోల్చుకోవడం ఎంతో సులువు. పెద్దలు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉప్పులో దాదాపు 40 శాతం సోడియమే కనుక అది 2 గ్రాముల సోడియంతో సమానం. ఈ లెక్క తెలిశాక, ఆరోగ్యానికి మంచిదని నమ్మి ఏడాదిగా కొంటున్న మసాలా ఓట్స్‌ను మానేసి, మామూలు ఓట్స్‌తో ఇంట్లోనే ఉప్మా చేసుకుంటున్నాము.

అయితే యాప్ చూపే అంకెలను గుడ్డిగా నమ్మకూడదు. గత నెలలో ఒక బిస్కెట్ ప్యాకెట్టును స్కాన్ చేస్తే 100 గ్రాములకు 18 గ్రాముల చక్కెర అని వచ్చింది. చేతిలో ఉన్న ప్యాకెట్టు మీద మాత్రం 24 అని అచ్చయి ఉంది. తయారీలో పాళ్లు మారినా బార్‌కోడ్ మారకపోవచ్చు, పైగా ఇందులోని వివరాలు చాలావరకు వాడుకరులు నమోదు చేసినవే. లేబుల్ ఫొటో తీసి పంపితే నాలుగు రోజులలో సరిదిద్దారు, అది మెచ్చుకోదగ్గ విషయం. పూర్ణా మార్కెట్లో విడిగా తూచి ఇచ్చే పప్పులకు, బెల్లానికి బార్‌కోడే ఉండదు కనుక అక్కడ దీనితో పని లేదు.