వేదాయపాళెంలో 200 ఎంబీపీఎస్ ఫైబర్: లైను బాగుంది, రౌటర్ సంగతే చూసుకోవాలి

నెల్లూరు వేదాయపాళెంలోని మా ఇంటికి ఒక స్థానిక సంస్థ వద్ద పాత ప్లాన్ మార్పించుకుని 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాము. లైను పనికి వంక పెట్టడానికి లేదు. స్తంభం నుంచి గోడ దాకా తీగ ఎక్కడా మడత పడకుండా క్లిప్పులు కొట్టి లాగారు. రాత్రి ఎనిమిది దాటి వీధి వీధంతా టీవీల ముందు కూర్చున్న వేళల్లో కూడా వేగం పడిపోవడం లేదు.

చిక్కంతా ఇంటి లోపలి పనితోనే వచ్చింది. హాల్లోని మోడెమ్ నుంచి మేడ మీది రౌటర్‌కు వేసిన కేబుల్‌లో వేగం 94 దాటేది కాదు. జాక్‌ను వెలుతురులో పెట్టి చూస్తే ఎనిమిది తీగలకు నాలుగే లోపలికి వెళ్లాయి. నీలం, గోధుమ రంగు జతలను మొదట్లోనే కత్తిరించేశారు. నాలుగు తీగల మీద లింకు 100 దగ్గరే ఆగుతుంది, గిగాబిట్ (అంటే 1000 ఎంబీపీఎస్) రావాలంటే ఎనిమిదీ కలవాలి. ఫోను చేస్తే టెక్నీషియన్ వచ్చి, పైసా అడగకుండా కొత్త జాక్ వేశాక వేగం 190 దాటింది. మనిషి మర్యాదస్తుడే గానీ, బిగించిన రోజే పరీక్షించి చూపించవలసిన పని ఇది.

రౌటర్ వ్యవహారం ఇంతకంటే విచిత్రం. లాప్‌టాప్‌లో మ్యాప్ తెరిస్తే మేము ఒంగోలు కర్నూలు రోడ్డులో ఉన్నట్లు చూపేది. బిర్యానీ తెప్పించుకుందామంటే అక్కడి హోటళ్ల జాబితా వచ్చేది. జీపీఎస్ లేని లాప్‌టాప్ చుట్టూ ఉన్న వైఫై రౌటర్ల గుర్తింపు సంఖ్యలను బట్టి తానున్న చోటును అంచనా వేసుకుంటుంది కాబట్టి, ఆ సంఖ్య ఇదివరకు ఏ ఊళ్లో నమోదై ఉంటే ఆ ఊరినే చూపే అవకాశం ఉంది. గట్టిగా అడిగితే, అది ఒంగోలులో ఒకరు వాడి తిరిగి ఇచ్చిన రౌటరేనని ఒప్పుకున్నారు. డిపాజిట్ మాత్రం కొత్తదానికి కట్టించుకున్నారు! వాదించాక మార్చి ఇచ్చారు.

లొకేషన్ సెట్టింగుల గురించి సంస్థవారు ఒక్క ముక్క చెప్పలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై ఆపినా, లొకేషన్ సెట్టింగుల్లో 'వైఫై స్కానింగ్' ఆన్‌లో ఉంటే ఫోను చుట్టుపక్కల నెట్‌వర్కులను వెతుకుతూనే ఉంటుంది. వద్దనుకునేవారు దాన్ని విడిగా ఆపాలి. మన రౌటర్ గూగుల్ లొకేషన్ సేవల్లోకి వెళ్లకూడదనుకుంటే నెట్‌వర్క్ పేరు చివర ఇంగ్లిష్ అక్షరాల్లో అండర్‌స్కోర్, దాని వెంటే నోమ్యాప్ అని (_nomap) చేర్చాలి. పేరు మారిన తరువాత టీవీతో సహా అన్నిటినీ మళ్లీ కలుపుకోవలసి వస్తుంది, అదొక పూట పని.

మార్చి ఇచ్చిన రౌటర్ రెండు బ్యాండ్లదే. 5 గిగాహెర్ట్జ్ ఎదుటి గదిలో పరుగెడుతుంది గానీ మా పాత ఇంటి మందపు గోడ దాటలేదు, వంటింటికి 2.4 మీదే ఆధారపడుతున్నాము. ప్లాన్ ధర మీద 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుంది. ఏడాదికి ఒకేసారి కట్టమంటున్నారు గానీ, మేము ప్రస్తుతానికి నెలనెలా కట్టే పద్ధతిలోనే ఉన్నాము.