హోకులేఆ కోసం హవాయి వెళ్తే పడవే లేదు

పిల్లలు బీచ్ కోసం, నేను పడవ కోసం, మా ఆవిడ మా ఇద్దరి గొడవ పడలేక, అలా మే నెలాఖర్లో హవాయి వెళ్ళాం. హోకులేఆ అంటే 62 అడుగుల జంట పడవ, పసిఫిక్ దీవుల్లోని పాలినేషియన్ల పాత పద్ధతి పడవల్ని చూసి కట్టారు, 1975లో నీళ్ళలోకి దింపారు, మరుసటి ఏడే దిక్సూచి లేకుండా నెల పైన ప్రయాణం చేసి దక్షిణాన ఉన్న తాహితి దీవి చేరింది. అప్పటికి హవాయిలో ఆ విద్య తెలిసినవాళ్ళే మిగల్లేదు, మైక్రోనేషియాలోని సతావల్ దీవి నుంచి మావ్ పియాయిలుగ్ అనే పెద్దాయన వచ్చి దారి చూపించాడు.

హోనొలులులోని వైకికీ బీచ్ దగ్గర హోటల్ రూమ్ నీట్‌గానే ఉంది కానీ రిసార్ట్ ఫీజు, పార్కింగ్ కలిసి బిల్లు ఎక్కడికో పోయింది, రెండు రాత్రులు చాలు అక్కడ. పొద్దున్నే పడవ ఉండే శాండ్ ఐలాండ్ వెళ్తే దారంతా కంటైనర్ లారీలు, తీరా చూస్తే పడవ సముద్రం మీద ఉందట. తప్పు నాదే, ఆ పడవని నడిపే పాలినేషియన్ వాయేజింగ్ సొసైటీ సైట్లో ఎక్కడుందో పెడతారు, చూసుకుని వెళ్ళండి.

దాని బదులు బిషప్ మ్యూజియం వెళ్ళాం, అసలు ట్రిప్ మొత్తానికి డబ్బులు గిట్టుబాటైంది అక్కడే. ప్లానెటేరియం మీద వటుముల్ అని పేరు చూసి ఇదేంటనుకున్నా, హవాయిలో స్థిరపడ్డ సింధీ వ్యాపారి పేరు అది. 1980లో మళ్ళీ పరికరాల్లేకుండా తాహితికి వెళ్ళొచ్చిన హవాయి నావికుడు నైనోఆ థాంప్సన్ నక్షత్రాల్ని చదువుకున్నది ఈ గుమ్మటం కిందే. హోకులేఆ అంటే ఆనంద తార, మనం స్వాతి అంటామే అదే! హవాయి మీదుగా వెళ్ళేటప్పుడు సరిగ్గా నడినెత్తికొస్తుంది, అందుకే తాహితి నుంచి వచ్చేవాళ్ళు కావాలనే తూర్పుకి ఎక్కువ జరిగి, స్వాతి నెత్తి మీదకి రాగానే, అంటే హవాయి ఉన్న అక్షాంశానికి చేరగానే, గాలివాటున పడమటికి తిప్పేస్తారు. అక్షాంశం అని స్కూల్లో బట్టీ కొట్టింది నాకప్పుడు అర్థమైంది.

తర్వాత హవాయిలోనే పెద్ద దీవి మీదున్న హిలో ఊరు. అక్కడ ఇమిలోవా అనే ఖగోళ సెంటర్లో బోర్డులు హవాయి భాషలోనూ ఉంటాయి, జనం తక్కువ, తీరిగ్గా చూడొచ్చు, పిల్లలున్నవాళ్ళకి నేనైతే మ్యూజియం కంటే ఇదే చెప్తా. ఊళ్ళో బస చవక, గదిలో కాస్త చెమ్మ వాసన, వాన మాత్రం వదలదు. సాయంత్రం పోయ్ తిన్నాం, ఉడికించి మెత్తగా నూరిన చేమదుంప, ఉప్పూ కారం ఏం లేదు, మా పెద్దాడు ఆవకాయ అడిగాడు.

ఖర్చు పెట్టి ఏడ్చింది ఒక్క సన్‌సెట్ పడవ షికారుకి, 'పాలినేషియన్ అనుభవం' అని రాసుంటే ఎక్కాం, మోటారు చప్పుడూ డీజే తప్ప ఒక్క నక్షత్రం ఊసు లేదు.

హిలోలో మూడు రాత్రులూ మబ్బే. కాలిఫోర్నియాలో మా ఊరు ఫ్రీమాంట్ వచ్చాక పెరట్లో సప్తర్షుల తోక పట్టుకుని పిల్లలకి స్వాతిని చూపించా. నడినెత్తిన లేదు, కాస్త దక్షిణానికి ఒరిగి ఉంది. "అయితే మనం ఎంత దూరం కిందకి వెళ్ళాలి నాన్నా?" అని చిన్నది అప్పుడే లెక్క మొదలెట్టింది.